దురద మిగిలిందని మందు మళ్లీ మళ్లీ పూయకండి

చర్మ సమస్యలు: పాఠకుల ప్రశ్నలకు డాక్టర్ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో గజ్జి, పేల గురించినవే ఎక్కువ. చదువుతుంటే నాకు జబ్బు కంటే మందు వాడుతున్న తీరే భయం కలిగించింది. గజ్జి, తలపేలు మామూలుగా ప్రాణం మీదికి తెచ్చే జబ్బులు కావు. వాటికి పూసే మందులు మాత్రం వాడకం తప్పితే ప్రాణం మీదికి తేగలవు. అందుకే ఈసారి కొన్ని జవాబులు కాస్త గట్టిగా ఉంటాయి. మీ మీద కోపంతో కాదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఇంట్లో నలుగురం. నాకూ మా చిన్నబాబుకూ గజ్జి అని చెప్పి పెర్మెత్రిన్ క్రీమ్ రాసిచ్చారు. రాత్రి పూసుకుని పొద్దున్నే స్నానం చేశాం. అయినా దురద తగ్గకపోవడంతో అప్పటినుంచి రోజూ రాత్రి నేను పూసుకుంటున్నాను, బాబుకీ పూస్తున్నాను. ఇప్పుడు ఒళ్లంతా ఎర్రబడి మంట, పొట్టు లేస్తోంది. ఇంతకంటే ఘాటైన మందు చెప్పగలరా? మావారికీ పెద్దపాపకీ దురద లేదు కాబట్టి వాళ్లకి పూయలేదు.

జవాబు: అమ్మా, ఈ రాత్రి మీరూ పూసుకోవద్దు, బాబుకీ పూయొద్దు. ఘాటైన మందు వెతకొద్దు. మీ మందు పని చేయలేదని నేననుకోవడం లేదు. మోతాదు మించడం వల్లే ఇప్పుడీ మంట.

గజ్జి పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆడ పురుగు చర్మం పైపొరలో సన్నగా సొరంగం తవ్వుకుంటూ అందులోనే రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. ఒళ్లంతా దురద పెడుతుంటే లోపల వేలకు వేలు పాకుతున్నాయని అనిపిస్తుంది కదా? మామూలు గజ్జిలో మనిషి ఒంటిమీద పదీ పదిహేను పురుగులకు మించి ఉండవు. ఆ దురద పురుగు కొరకడం వల్ల వచ్చేది కాదు. పురుగు, దాని గుడ్లు, దాని మలం మన ఒంటికి పడక వచ్చే ఎలర్జీ అది. పెర్మెత్రిన్ పురుగుని చంపుతుంది. చచ్చిన పురుగు మాత్రం ఆ పైపొర రాలిపోయేదాకా అక్కడే ఉంటుంది. అందుకే మందు సరిగ్గా పూసినా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. ఈ మాట ఎవరూ చెప్పకపోవడం వల్లే చాలామంది మీలాగే రోజూ పూసుకుంటూ పోతారు. మందు చర్మాన్ని ఒరిపి కొత్త దురద పుట్టిస్తుంది, దాన్ని చూసి గజ్జి ముదిరిందనుకుని ఇంకా పూస్తారు. నా దగ్గరికి వచ్చేసరికి కొందరి ఒంటిమీద పురుగు జాడే ఉండదు, ఉన్నదంతా మందు తెచ్చిన మంటే.

వారం రోజుల పాటు మీ ఇద్దరికీ సువాసన లేని మాయిశ్చరైజర్ గానీ, మామూలు పెట్రోలియం జెల్లీ గానీ రోజుకు రెండు మూడుసార్లు రాయండి. స్నానానికి గోరువెచ్చని నీళ్లు చాలు. రాత్రి నిద్ర పట్టకపోతే దురద తగ్గించే మాత్ర డాక్టరుని అడిగి వేసుకోండి, బాబుకి మోతాదు వేరు. పుండ్లు చీము పట్టినా, బాబు ముఖం ఉబ్బినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. గజ్జి పుండ్లలో చేరిన క్రిములు ఒక్కోసారి పిల్లల మూత్రపిండాలకు వాపు తెస్తాయి.

ఇక మీవారూ, పెద్దపాపా. అసలు చిక్కు ఇక్కడే ఉంది. గజ్జి మొదటిసారి సోకినవాళ్లకి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. దురద లేకపోయినా ఆ రోజుల్లో వాళ్లనుంచి ఇతరులకు అంటుతుంది. మీరిద్దరూ నయమై కూర్చుంటే, వాళ్లనుంచి మళ్లీ మీకు వస్తుంది. ఈసారి దురదకి వారాలు కాదు, ఒకటి నుంచి నాలుగు రోజులే పడుతుంది, ఎందుకంటే ఒంటికి పురుగు సంగతి తెలిసిపోయింది. కాబట్టి మీ చర్మం కుదుటపడ్డాక, మిమ్మల్ని చూసిన డాక్టరుకి ఈ సంగతంతా చెప్పి, ఒక రాత్రి ఎంచుకుని నలుగురూ అదే రాత్రి పూసుకోండి. వారం తర్వాత అందరూ ఇంకొక్కసారి. అక్కడితో ఆపేయాలి.

పూసే పద్ధతి గురించి నేను చీటీ మీద రాసి కింద గీత గీసి మరీ ఇస్తాను, ఎందుకంటే సగం మంది దురద ఉన్నచోటే పూస్తారు. మెడ నుంచి అరికాళ్ల దాకా, ఒక్క అంగుళం కూడా వదలకుండా పూయాలి. వేళ్ల సందులు, మణికట్లు, చంకలు, బొడ్డు, రొమ్ముల కింద, పిరుదుల మధ్య, మర్మావయవాల మీద, కాలి వేళ్ల మధ్య. గోళ్లు కత్తిరించి గోళ్ల కింద కూడా పట్టించాలి. పెద్దవాళ్లకి ఒకసారికి 30 గ్రాముల ట్యూబు ఒకటి సరిపోతుంది. కంట్లో, నోట్లో, పుండు పచ్చిగా ఉన్నచోట పడనివ్వొద్దు. వేడినీళ్ల స్నానం చేసిన వెంటనే మాత్రం పూయొద్దు. వేడికి చర్మం మందుని ఎక్కువ పీల్చుకుంటుంది, మనకి కావలసింది పైపొరలో నిలబడే మందు. ఒళ్లు చల్లబడి, పూర్తిగా ఆరాక పూయాలి. 8 నుంచి 14 గంటలు ఉంచి కడిగేయాలి. మధ్యలో చేతులు కడుక్కుంటే చేతులకి మళ్లీ రాయాలి. దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు, గజ్జి పురుగుకి వేళ్ల సందులే ఇష్టమైన చోటు.

బట్టల గురించి ఎక్కువ హైరానా వద్దు. గత మూడు రోజుల్లో వాడిన బట్టలు, దుప్పట్లు, తువ్వాళ్లు 50 డిగ్రీలు దాటిన వేడినీళ్లలో ఉతికి ఆరేయండి. ఉతకలేనివి సంచిలో మూతి బిగించి వారం పక్కన పెట్టండి. మనిషి ఒంటిని వదిలితే గజ్జి పురుగు రెండు మూడు రోజులకి మించి బతకదు. పరుపుల మీద పురుగుల మందు కొట్టొద్దు. ఆ మందు పురుగు కంటే ముందు, ఆ పరుపు మీద పడుకునే పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

వేళ్ల సందుల్లో కొత్త పొక్కులు, కొత్త గీతల్లాంటి సొరంగాలు కనిపిస్తే, లేదా రెండోసారి పూసిన నాలుగు వారాలకి కూడా దురద పెరుగుతూ ఉంటే అప్పుడు మళ్లీ డాక్టరుకి చూపించండి. అప్పటిదాకా ట్యూబు బీరువాలోనే ఉండనివ్వండి.

ప్రశ్న: మా పాపకి నలభై రోజులు. అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు వచ్చాయి, రాత్రంతా ఏడుస్తోంది. నాకూ దురద ఉంది. మా అత్తగారి దగ్గర పాత గజ్జి మందు సీసా ఒకటి ఉంది, వెనకటికి అందరికీ దాంతోనే తగ్గిందట. సీసా మీద గామా బెంజీన్ హెక్సాక్లోరైడ్ అని ఉంది. నీళ్లు కలిపి పాపకి రాయొచ్చా? నేను పాలిస్తున్నాను.

జవాబు: రాయొద్దు తల్లీ. నీళ్లు కలిపినా వద్దు, కొంచెమే అయినా వద్దు. ఇది చదివేనాటికి పూసి ఉంటే పాప ఒళ్లంతా సబ్బుతో, చల్లని నీళ్లతో కడిగేసి, ఆ సీసా చేతపట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

ఆ మందుకే లిండేన్ అని ఇంకో పేరు. అది చర్మం గుండా రక్తంలోకి, అక్కడినుంచి మెదడుకి చేరుతుంది. పసిపిల్లల్లో, బక్కగా ఉన్నవాళ్లలో, మూర్ఛ జబ్బు ఉన్నవాళ్లలో ఫిట్స్ తెప్పించిన సందర్భాలు ఉన్నాయి, మరణాలూ ఉన్నాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2003లో దీనికి అన్నిటికంటే గట్టి హెచ్చరిక అంటించింది. కాలిఫోర్నియా అంతకు ముందే, 2002 నుంచి, మందుగా దాని అమ్మకాన్ని ఆపేసింది. 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందం ప్రపంచమంతా వదిలించుకోవలసిన రసాయనాల జాబితాలో దాన్ని చేర్చింది. మీ అత్తగారు అబద్ధం చెప్పలేదు, దాంతో ఎందరికో గజ్జి తగ్గిన మాట నిజమే. అప్పుడు వేరే దారి తక్కువ. ఇప్పుడు ఉంది.

నెలల పాపల విషయంలో నా భయం ఒక్కటే. వాళ్ల చర్మం పలచన. బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ. పెద్దవాళ్ల మీద నిలబడే మందు వాళ్లలో లోపలికి దిగుతుంది. పెర్మెత్రిన్ 5 శాతం క్రీమ్‌ని రెండు నెలలు నిండిన పిల్లలకి వాడతాం. అంతకంటే చిన్నవాళ్లకి సాధారణంగా పెట్రోలియం జెల్లీలో కలిపిన గంధకం లేపనం ఎంచుకుంటాం, 5 నుంచి 10 శాతం, వరసగా మూడు రాత్రులు. వాసన బాగుండదు, బట్టలకి మరకలు పడతాయి, అయినా పసివాళ్లకి అది నిలకడైన మందు. ఎంత శాతం, ఎన్ని గంటలు అన్నది పాపని చూసిన డాక్టరే చెప్పాలి. మీ పాప పొక్కులు గజ్జివే అని కూడా ఉత్తరం చదివి నేను చెప్పలేను, ఈ రోజే చూపించండి.

పెద్దవాళ్లకి మెడ కింద నుంచి పూస్తాం గానీ, పసిపిల్లలకి తలకీ, ముఖానికీ, చెవుల వెనకా కూడా పూయాలి. కళ్ల చుట్టూ, నోటి చుట్టూ వదిలేయాలి. వేళ్లు నోట్లో పెట్టుకోకుండా చేతులకి మెత్తటి నూలు తొడుగులు వేయండి. మీరు పూసుకున్నప్పుడు పాలిచ్చే ముందు రొమ్మునీ చనుమొననీ సబ్బునీళ్లతో కడిగి తుడుచుకోండి, పాలిచ్చాక అక్కడ మళ్లీ రాసుకోండి.

ఆ సీసాని మాత్రం మోరీలో పారబోయొద్దు. ఆ రసాయనం మట్టిలోనూ నీళ్లలోనూ ఏళ్ల తరబడి పోదు. గడువు తీరిన మందులు తిరిగి తీసుకునే చోట ఇచ్చేయండి.

ప్రశ్న: నాకిప్పుడు ఆరో నెల. గజ్జి మందు పూసుకుంటే కడుపులో బిడ్డకి ఏమైనా అవుతుందా?

జవాబు: పెర్మెత్రిన్ క్రీమ్ గర్భిణులకి మేం రాస్తూనే ఉంటాం, అది చర్మం దాటి రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. గంధకం లేపనం కూడా వాడొచ్చు. ఐవర్‌మెక్టిన్ అని గజ్జికి మింగే మాత్రలు, పై జవాబులో చెప్పిన లిండేన్ వద్దు. ఎన్నో నెలో మీ డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. ఎన్నిసార్లు మందు పెట్టినా తలలో పేలు మళ్లీ వస్తున్నాయి. రాత్రంతా మందు ఉంచి తలకి ప్లాస్టిక్ కవరు కట్టి పడుకోబెట్టాం, అయినా పోలేదు. కిరోసిన్ పెడితే ఒక్క దెబ్బకి పోతాయంటున్నారు. తోటకి కొట్టే పురుగుల మందు చాలా పలచగా కలిపి రాయమని ఇంకొకరు చెప్పారు. ఏది మంచిది?

జవాబు: అయ్యా, రెండూ వద్దు. ఆ ప్లాస్టిక్ కవరు కూడా ఇంకెప్పుడూ కట్టొద్దు. నిద్రలో అది జారి ముక్కు మీదికి వస్తే పిల్లకి ఊపిరాడదు.

కిరోసిన్ తలమీద చర్మాన్ని కాలుస్తుంది. దాని ఆవిరికి నిప్పురవ్వ తగిలితే జుట్టు అంటుకుంటుంది. కారి నోట్లోకి పోయి ఊపిరితిత్తుల్లో పడితే న్యుమోనియా వస్తుంది. పురుగుల మందు ఇంకా ఘోరం. అది ఎంత పలచన చేసినా తలమీద చర్మం గుండా లోపలికి పోతుంది, గోకిన పుండ్లుంటే ఇంకా తొందరగా పోతుంది. నోట్లో ఊట, వాంతులు, కంటిపాప సూదిమొనంత చిన్నది కావడం, చెమటలు, ఊపిరి అందకపోవడం కనిపిస్తే అది విషం ఎక్కిన గుర్తు. అలాంటిది జరిగితే మీరు చేతికి తొడుగులు వేసుకుని, పిల్ల బట్టలు తీసేసి, తలా ఒళ్లూ సబ్బుతో కడుగుతూనే సాయం పిలవండి, మందు డబ్బా వెంట తీసుకెళ్లండి. డబ్బా మీది పేరు చూస్తే డాక్టరుకి విరుగుడు తేల్చుకోవడం తేలికవుతుంది.

మలాథియాన్ పేరుతో పేల మందు ఉంది కదా, తోట మందూ అదే కదా అని కొందరు అడుగుతారు. పేలకి వాడేది 0.5 శాతం లోషన్, ఒంటికి పూయడానికి వీలుగా చేసింది, ఆరేళ్లు దాటిన పిల్లలకి డాక్టరు రాస్తేనే. తోట మందు ఘాటూ వేరు, అందులో కలిపే ద్రావకాలూ వేరు. ఆ లోషన్‌లో కూడా ఆల్కహాల్ ఉంటుంది, సులువుగా అంటుకుంటుంది. అది తలకి ఉన్నంతసేపూ పొయ్యి దగ్గరికి, సిగరెట్ దగ్గరికి పోకూడదు, హెయిర్ డ్రయ్యర్ పెట్టకూడదు.

ఇప్పుడు మీ పాప తలలో పేలు ఎందుకు తిరిగొస్తున్నాయో చూద్దాం. పెర్మెత్రిన్ 1 శాతం లోషన్ బతికున్న పేలని చంపుతుంది, గుడ్లని అన్నిటినీ చంపలేదు. ఈపులు ఏడు నుంచి తొమ్మిది రోజుల్లో పగులుతాయి. కొత్తగా వచ్చిన పిల్లపేలు పెరిగి గుడ్లు పెట్టేలోపు రెండోసారి మందు పెట్టాలి, అంటే సుమారు తొమ్మిదో రోజున. మూడో రోజున పెడితే పగలని గుడ్లు అలాగే మిగిలిపోతాయి, మూడు వారాలకి పెడితే అప్పటికే అవి కొత్త గుడ్లు పెట్టేస్తాయి. రాత్రంతా ఉంచినంత మాత్రాన గుడ్లు చావవు, పిల్ల ఒంట్లోకి మందు ఎక్కువ పోతుందంతే. ఈ లోషన్ తలకి ఉంచాల్సింది పది నిమిషాలే, గడియారం చూసి కడిగేయండి.

జుట్టుని మామూలు షాంపూతో కడిగి తువ్వాలుతో తుడవండి. కండిషనర్ వద్దు, అది వెంట్రుకకి మందు పట్టనివ్వదు. పాప కళ్లమీద మడత పెట్టిన తువ్వాలు అదిమి పట్టుకోమనండి. వాష్‌బేసిన్ మీదికి తల వంచి మందు పెట్టి, అలాగే వంచి కడగండి. స్నానాలగదిలో కూర్చోబెట్టి పైనుంచి నీళ్లు పోస్తే మందు ఒళ్లంతా పాకుతుంది. నీళ్లు చల్లగానో గోరువెచ్చగానో ఉండాలి, వేడిగా వద్దు. కంట్లో పడితే నలపనివ్వకుండా పదిహేను నిమిషాలు నీళ్లతో కడగండి. తర్వాత ఒకటి రెండు రోజులు తల రుద్దొద్దు. ఇంకో మాట, గజ్జికి తెచ్చిన 5 శాతం క్రీమ్ ఇంట్లో ఉంది కదా అని తలకి రాయొద్దు. పేరు ఒకటే, బలం ఐదింతలు.

మందు పెట్టిన ఎనిమిది, పన్నెండు గంటలకి తల చూడండి. పేలు నీరసంగా కదులుతుంటే మందు పని చేస్తున్నట్టే, మళ్లీ పెట్టకుండా పేల దువ్వెనతో దువ్వి తీసేయండి. ముందులాగే చురుగ్గా పరిగెడుతుంటే ఆ మందుకి అవి లొంగడం లేదని అర్థం. చాలాచోట్ల అలాంటి పేలు ఇప్పుడు మామూలైపోయాయి. అప్పుడు డాక్టరు వేరే రకం మందు మారుస్తారు. అదే మందు ఎక్కువ పెట్టడం, రెండు రకాలు కలిపి పెట్టడం రెండూ తప్పే.

మందు అసలు వద్దనుకుంటే, జుట్టు తడిపి కండిషనర్ రాసి, సన్నపళ్ల పేల దువ్వెనతో మూడు నాలుగు రోజులకోసారి కుదుళ్ల నుంచి చివర దాకా పాయలు పాయలుగా దువ్వండి. ఒక్క పేనూ కనిపించని దాకా, కనీసం రెండు వారాలు. ఓపిక కావాలి. కానీ దీనివల్ల ఏ పిల్లకీ హాని జరగదు, నాకు అందుకే ఈ పద్ధతి అంటే ఇష్టం. ఇంట్లో మిగతావాళ్ల తలలు కూడా వెతకండి, బతికున్న పేను కనిపించినవాళ్లకే మందు పెట్టండి. గజ్జికి అందరికీ, పేలకి ఉన్నవాళ్లకే. పాపకి జుట్టు తీయించాల్సిన పని లేదు. దయచేసి తన ముందు అసహ్యించుకోకండి. తలలు ఆనించుకుని ఆడుకునే ప్రతి పిల్లకీ పేలు అంటుతాయి, తన శుభ్రతకీ వాటికీ సంబంధం లేదు.

ప్రశ్న: తామరకి కొన్న ట్యూబు ఇంట్లో ఉంటే దురదకి రాశాను. రెండు రోజుల్లో హాయిగా అనిపించింది. కానీ పొక్కులు పొట్ట మీదికీ తొడల మీదికీ పాకాయి. ఎందుకిలా?

జవాబు: ట్యూబు మీది పేర్లు చదవండి, బీటామెథసోన్ అనో క్లోబెటసాల్ అనో ఉంటే అది స్టెరాయిడ్. అది ఎలర్జీని అణిచేస్తుంది కాబట్టి దురద తగ్గుతుంది. మీది గజ్జి అయితే పురుగు మాత్రం చావదు, ఇంకా స్వేచ్ఛగా పెరుగుతుంది. పొక్కుల రూపు మారిపోయి చూసిన డాక్టరు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఆపేయండి, ఆ ట్యూబు తీసుకునే వెళ్లండి, ఎన్నాళ్లు రాశారో దాచకుండా చెప్పండి. ఇంట్లో ఇంకెవరికైనా రాత్రిపూట దురద ఉందేమో కూడా అడిగి వెళ్లండి, డాక్టరుకి అన్నిటికంటే ఉపయోగపడే సమాచారం అది.

ప్రశ్న: పశువులకి వాడే ఐవర్‌మెక్టిన్ మందు మనుషులకీ పనిచేస్తుందా?

జవాబు: మందు పేరు అదే. కానీ అది పెద్ద జంతువుల బరువుకి లెక్కగట్టి, చిక్కగా చేసింది, చుక్క తేడాతో మోతాదు ఎన్నో రెట్లు మించిపోతుంది. తాగొద్దు, పూయొద్దు. మనుషుల మాత్రలు వేరే ఉన్నాయి, కిలో బరువుకి 200 మైక్రోగ్రాముల చొప్పున డాక్టరు లెక్క వేసి ఇస్తారు. 15 కిలోల లోపు పిల్లలకి సాధారణంగా ఇవ్వం.

ప్రశ్న: మా నాన్నగారు చాలాకాలంగా మంచంలోనే ఉన్నారు. చేతుల మీదా మోచేతుల మీదా మందంగా పెచ్చులు కట్టాయి, పొడిలా రాలుతున్నాయి. దురద పెద్దగా లేదంటారు. ఆయనకి స్నానం చేయించే నాకు మాత్రం గజ్జి అన్నారు. ఆయనకీ నా క్రీమే రాయనా?

జవాబు: ఆయనది పెచ్చులు కట్టే గజ్జి కావచ్చు. మామూలు గజ్జిలో పది పదిహేను పురుగులైతే, ఇందులో వేలు, ఒక్కోసారి లక్షలు ఉంటాయి. వయసు మీదపడినవాళ్లలో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో వస్తుంది, దురద లేకపోవడం వల్లే ఆలస్యంగా బయటపడుతుంది. మీ క్రీమ్ ఒక్కటే దీనికి చాలదు. మందం పెచ్చుల కిందికి మందు దిగదు, ముందు వాటిని మెత్తబరిచే లేపనం కావాలి. తలతో సహా ఒళ్లంతా పూత, దానితోపాటు మాత్రలు, చాలా రోజుల చికిత్స. ఇంట్లో మొదలుపెట్టొద్దు.

ఆయన్ని ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. పక్క బట్టలు దులపకండి, రాలిన ప్రతి పెచ్చులోనూ పురుగులుంటాయి. మెల్లగా చుట్టి నేరుగా వేడినీళ్లలో వేయండి. జిడ్డు లేపనాలు దుప్పట్లలో ఇంకిపోతే ఆ గుడ్డ చాలా తొందరగా అంటుకుంటుంది, ఆయన మంచం దగ్గర ఎవరూ సిగరెట్ గానీ కొవ్వొత్తి గానీ వెలిగించకుండా చూడండి. ఆసుపత్రికి బయలుదేరే ముందు ఫోన్ చేసి, పెచ్చులు కట్టే గజ్జి అని అనుమానంగా ఉందని చెప్పండి. వేరే గదిలో చూసే ఏర్పాటు చేస్తారు, వరండాలో పక్కన కూర్చునే రోగులకి అంటకుండా ఉంటుంది.